ఊపిరి తగ్గినవారి నడక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సభలో ఇంతమంది డాక్టర్లుండగా ఆరోగ్యం మీద మాట్లాడమని ఇరిగేషన్ ఇంజనీరుని పిలిచారేమిటని మీకు అనిపించవచ్చు. వైద్యం జోలికి నేను పోను. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ల నడక గురించి మాత్రం చెబుతాను. మా బ్యాచ్ అంతా యాభై దాటాం, ఇళ్లల్లో పెద్దవాళ్లు డెబ్బై దాటారు. ఈ సంగతి ఎవరికి ఎప్పుడు అవసరపడుతుందో తెలియదు.

మా బావగారు గోదావరి జిల్లాలో పోస్టుమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు సైకిలు తొక్కిన మనిషి. బీడీ ముట్టి ఎరగరు. జబ్బు బయటపడ్డ రోజు నుంచి మా అక్కయ్య ఆయన్ని కుర్చీ దిగనివ్వలేదు. మంచినీళ్లు, పేపరు, చివరికి చెప్పులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. "మీరు కదలకండి, నేను తెస్తాను కదా" అనేది. ప్రేమే అది. రెండు నెలలు తిరిగేసరికి పెరట్లోకి వెళ్లినా ఆయాసం. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ బెంగపడ్డారు. స్కానింగు తీయిస్తే గడ్డ పెరగలేదు. కరిగింది కాళ్లలో కండ.

వాడని కండరం బలహీనపడుతుంది. బలహీనమైన కండరం చిన్న పనికే అలిసిపోయి ఎక్కువ ఊపిరి అడుగుతుంది. ఆయాసం వస్తోందని కూర్చుంటే కండ ఇంకా తగ్గుతుంది. మా శాఖ భాషలో చెప్పాలంటే, పంపు సామర్థ్యం ఎలాగూ తగ్గింది, దానికి తోడు కాలవలో పూడిక పేరుకుంది. పంపు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. పూడిక తీస్తే అదే నీరు ఇంకో రెండు పొలాలకి అందుతుంది.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సమావేశపరచిన నిపుణులు 2019లో క్యాన్సర్ రోగులకు ఇచ్చిన సలహా ఏమిటంటే, వారానికి మూడుసార్లు, 30 నిమిషాల చొప్పున ఒక మోస్తరు వ్యాయామం. దానివల్ల అలసట, దిగులు తగ్గుతాయన్నారు. ఊపిరితిత్తుల రోగులు చాలామంది ఒక్కసారిగా అంత చేయలేరు, పదేసి నిమిషాలుగా విడగొట్టుకోవాలి. ఆపరేషన్‌కి ముందు కొన్నిచోట్ల రోగి చేత మెట్లెక్కిస్తారు. 22 మీటర్లు, అంటే సుమారు ఏడంతస్తుల ఎత్తు ఎక్కగలిగితే ప్రమాదం తక్కువని లెక్క. ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు వ్యాయామం చేసినవాళ్లకి తర్వాత ఇబ్బందులు తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మరి రోగులకి ఏది ఇష్టం? కెనడాలో వాళ్లనే అడిగి చూశారు. ఎక్కువమంది కోరింది నడకే. మా బావగారిదీ అదే మాట. ఫిజియోథెరపీ వాళ్లిచ్చిన కాగితం సొరుగులో పడేసి, "గదిలో చేతులూపడం నా వల్ల కాదోయ్ బావమరిదీ, నన్ను వీధిలోకి పంపండి" అన్నారు.

వీధిలో ఇంకో కష్టం. దగ్గితే జనం పక్కకి తప్పుకునేవారు. కనిపించినవాడల్లా "సిగరెట్లు కాల్చేవారా?" అని అడిగేవాడు. కాల్చినా కాల్చకపోయినా ఆ ప్రశ్న వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, దయచేసి ఎవర్నీ అడక్కండి. ఆయన వీధి లేవకముందే, ఐదున్నరకి బయల్దేరేవారు. కరెంటు స్తంభాల లెక్క పెట్టుకున్నారు. మొదటి వారం రెండు స్తంభాలు, అరుగు మీద కాసేపు కూర్చోవడం, మళ్లీ వెనక్కి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం. మాట తెగితే ఆగడం. ఆయాసపడితే ముక్కుతో పీల్చి, వేడి కాఫీ ఊదినట్టు పెదవులు దగ్గర చేసి మెల్లగా వదలడం. కీమో ఇచ్చిన వారం వరండాతో సరి. నాలుగో నెలకి కాలవ లాకుల దాకా వెళ్లొచ్చారు.

జబ్బు పోయిందని కాదు, ఇంకా మందులు వాడుతున్నారు. కానీ స్నానానికి ఒకరి సాయం అక్కర్లేదు. అక్కయ్య మంచినీళ్ల సీసా పట్టుకుని వెంట నడుస్తోంది.

క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకూడదు. నడుస్తుండగా ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, దగ్గులో రక్తం కనిపిస్తే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా హెడ్మాస్టరు గారికి ఒక మనవి. ఇలాంటివాళ్లకి కావలసింది చదునైన దారి, మధ్యమధ్య కూర్చునే చోటు. డ్రిల్లు పీరియడులో మనం పరుగెత్తిన ప్రహరీ గోడ వెంట రెండూ కుదురుతాయి. ఆసుపత్రుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష 30 మీటర్ల దారిలో చేస్తారు. మనమూ 30 మీటర్లకొక సిమెంటు బల్ల వేద్దాం. పిల్లలు రాకముందు, పొద్దున ఐదు నుంచి ఏడు దాకా గేటు తీసి ఉంచితే చాలు. బల్లల ఖర్చు మా బ్యాచ్‌ది, అంచనా నేను వేస్తాను. కొలత టేపు కారులోనే ఉంది. సభ అయ్యాక రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి.