పెద్దమాంసపు పులుసు

"గంటసేపు ఉడికించితిమి, పులుసు ఇగిరిపోయినది గాని ముక్క మెత్తబడలేదు." మా వంటల ప్రసంగములు వినువారు వ్రాయు ఉత్తరములలో తరచు కనబడు మాట ఇది. పెద్దమాంసమును ఇంట మెత్తగా వండుకొను విధమును, అటుపిమ్మట ఎంత నేర్పుగ వండినను తినరాని మాంసమును గూర్చియు నేడు మనవి చేసెదము. ఈ మాంసము ముట్టని ఇండ్లవారు రేడియో కట్టివేయనక్కరలేదు. మేక మెడకు, కాళ్లకు ఈ పద్ధతియే వర్తించును. ఇక రెండవ సంగతి పశువులున్న ప్రతి ఇంటికిని సంబంధించినదే.

సాలూరు మైదానమునకు, మన్యమునకు నడుమ వాకిలి వంటి పట్టణము. వేగావతి ఒడ్డున ఉన్న ఈ ఊరినుండియే ఘాటురోడ్డు సుంకి మీదుగా కొరాపుట్ పీఠభూమికి ఎక్కును. ఈ ప్రాంతమున గొర్రె, మేక మాంసము కొనజాలని పెక్కు కుటుంబములకు చౌకలో దొరకు పుష్టికరమైన ఆహారము పెద్దమాంసమే. మాంసకృత్తులకు తోడు, రక్తము పట్టుటకు కావలసిన ఇనుము దానియందు సమృద్ధిగ కలదు. మన రాష్ట్రమున 1977 నాటి చట్టము ఆవును, ఆవుదూడలను, గేదెదూడలను వధించుట నిషేధించినది. తక్కిన పశువులను వధించుటకు ముందు, అవి పాడికి గాని, సేద్యమునకు గాని, సంతతికి గాని పనికిరావని అధికారి ధ్రువపత్రము నీయవలెను. కనుక అంగడికి వచ్చునది సాధారణముగ ఏండ్లతరబడి పనిచేసి ముదిరిన పశువు మాంసము. వంట కష్టమగుటకు కారణము ఇదియే.

నడిచి, బరువులాగిన కండలో పోగులను కట్టిపట్టి తెల్లని పొరలుండును. వీనిలోని పదార్థమును కొల్లాజెన్ అందురు. పెనుమంట మీద కండపోగులు బిగిసి, తమలోని నీటిని పిండివేసికొనును. పొర మాత్రము కరగదు. ముక్క రబ్బరువలె సాగుట అందుచేతనే. సన్నని సెగమీద రెండుమూడు గంటలుంచినచో ఆ పొరయే కరగి జిగురుగ మారి పులుసులో కలియును. అప్పుడు ముక్క మెత్తబడును, పులుసు చిక్కబడును. కావున ఈ వంటకు మంటకన్న ఓర్పు ముఖ్యము.

కొండమీది ఇండ్లవారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. సముద్రమట్టమునుండి సుమారు 300 మీటర్లు ఎక్కిన కొలది నీరు మరుగు వేడి ఒక్కొక్క డిగ్రీ తగ్గును. దాదాపు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయలో నీరు 97 డిగ్రీలకే మరుగును. సాలూరులో రెండు గంటలకు ఉడుకు కూరకు అక్కడ మరికొంతసేపు పట్టును.

ఇక వంట. ఒక కిలో పిక్క గాని, జబ్బ గాని తీసికొని రెండంగుళముల ముక్కలు చేయుడు. మరీ చిన్నవైనచో ఉడుకునప్పుడు చితికిపోవును. కడిగి, నీరు ఓడ్చి, అరచెంచా పసుపు, చెంచా ఉప్పు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచుడు. మందమైన గిన్నెలో నాలుగు చెంచాల నూనె కాచి, ముక్కలను కొద్దికొద్దిగా వేసి ఎఱ్ఱబడనిండు. అన్నియు ఒకేసారి వేసినచో నీరూరి, వేగుటకు బదులు ఉడుకును. వాటిని తీసి, ఆ నూనెలోనే నాలుగు ఉల్లిపాయల తరుగును దోరగ వేయించి, రెండు చెంచాల కారము, రెండు చెంచాల ధనియాల పొడి, కొంచెము దాల్చిన, లవంగము, మిరియములు చేర్చుడు. ముక్కలు మరల వేసి, అవి మునుగునంత వేడినీరు పోసి మూతపెట్టుడు. నీరు తెర్లక, అంచున బుడగలు మాత్రము లేచునట్లు సెగ ఉంచుడు. రెండు గంటలకు ముక్క వ్రేలితో నొక్కిన విడిపోవలెను. అప్పుడు నిమ్మకాయంత చింతపండు పులుసును, వేయించి దంచిన నువ్వులపొడి రెండు చెంచాలును కలిపి మరి ఇరువది నిమిషములు ఉంచి దింపుడు. అన్నములోనికైనను, చోడిముద్దలోనికైనను ఇది కమ్మగ నుండును.

వంటచెఱకు, గ్యాసు పొదుపు చేయగోరువారికి ప్రెషర్ కుక్కరు మేలు. అందు వేడి సుమారు 120 డిగ్రీలకు పోవును గనుక, సన్నని సెగపై నలువది నిమిషములు చాలును. కుక్కరు లేనివారు పెరటిలోని పచ్చి బొప్పాయిని నమ్ముకొనవచ్చును. కిలోకు ఒక చెంచా ముద్ద పట్టించి అరగంట ఉంచినచో అందలి పపాయిన్ కండను సడలించును. మోతాదు మించినచో ముక్క పైన పిండి పిండిగ నగును.

ఇంతవరకు చెప్పిన నేర్పులేవియు పనికిరాని మాంసము ఒకటి కలదు: రోగముచేత చచ్చిన పశువు మాంసము. దొమ్మరోగమను ఆంత్రాక్స్ విశాఖ మన్యమునందును, కొరాపుట్ జిల్లాయందును మనుష్యులకు పలుమారులు సోకినది. ఆ పశువులను కోసినవారికి, మాంసము పంచుకొని తిన్నవారికి ఈ ఆపద వచ్చినది. ఈ రోగక్రిమి జీవనక్రమమును 1876లో రాబర్ట్ కాక్ విశదీకరించెను. గాలి తగిలినప్పుడు అది గట్టి కవచముగల బీజముగ మారును. ఆ బీజము సాధారణపు మరుగునకు చావదు, ఎండబెట్టి తునకలు చేసినను చావదు, నేలలో దశాబ్దములు నిలుచును.

పశువు హఠాత్తుగ కూలి, ముక్కునుండియో మలద్వారమునుండియో గడ్డకట్టని నల్లని నెత్తురు కారినచో దానిని కోయరాదు, తోలు ఒలువరాదు. పశువైద్యునికి కబురుచేసి, ఆయన చెప్పినట్లు ఆరడుగుల గోతిలో సున్నము వేసి పూడ్చవలెను. తాకినవారి చర్మముపై నొప్పిలేని పుండు లేచి, నడుమ నల్లని పక్కు కట్టినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. తొలుతనే చూపించుకొన్నచో పెన్సిలిన్ వంటి మందులతో నయమగును. రోగము కనబడు పల్లెలలో ఏటేట పశువులకు టీకా వేయించుట అన్నిటికన్న మిన్న.

చచ్చిన పశువును పంచుకొనుట అజ్ఞానము మాత్రమే అనుట న్యాయము కాదు. ఎద్దు పోయిన ఇంటికి సేద్యము పోయినట్లే. మాంసమైనను దక్కవలెనను ఆశ సహజము. అయినను ఒక్కపూట కూరకు ఇంటిల్లిపాది ప్రాణములు వెల కారాదు. ఆరోగ్యమైన పశువును, పరీక్షించిన మాంసమును ఎంచుకొనుడు. అటుపిమ్మట సెగ తగ్గించి, మూతపెట్టి, ఓపికపట్టుడు.