చలన సూత్రములను పిల్లలకు రుచింపజేయు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పద్యములు చదువుకొనువాడు చలన సూత్రములను గూర్చి మాటలాడుట యేమని కొందరికి తోచవచ్చును. నా వృత్తి లెక్కలు వ్రాయుట. నా వ్యసనము పాత గ్రంథములు చదువుట. ఆ రెండింటివలననే ఈ విషయమున నాకు కొంత వెలుగు లభించినది.

మన బాలబాలికలు ఉన్నత పాఠశాలలో న్యూటను సూత్రములు మూడింటిని కంఠస్థము చేయుదురు. పరీక్షలో తప్పులేక వ్రాయుదురు. కాని మనసులో నమ్మరు. ఇది వారి దోషము కాదు. త్రోయుచున్నంతసేపే వస్తువు కదలునని నిత్యానుభవము బోధించుచున్నది. మన వైశేషికులు సైతము, వింటినుండి వెడలిన బాణము తనయందు నిలిచిన వేగసంస్కారముచేత సాగుననియు, అది క్షయింపగా బరువుచేత పడిపోవుననియు వివరించిరి. ఎంత సూక్ష్మదృష్టి! అయినను 1687లో న్యూటను ప్రకటించిన మాట వేరు. కదలుచున్న వస్తువు తిన్నగా సాగిపోవుటకు కారణ మక్కరలేదు. ఆగుటకును, ప్రక్కకు తిరుగుటకునే కారణము కావలెను. పండితలోకమునకే శతాబ్దములు పట్టిన ఈ సంగతి పదునాలుగేండ్ల పిల్లవానికి ఒక్క వాక్యముతో ఎట్లు వంటబట్టును?

కనుక ముందు సూత్రము చెప్పరాదు. ముందు ప్రశ్న వేసి, వారి ఊహను చెప్పించి, పిమ్మట చేసి చూపవలెను.

కేరమ్ బల్లపై పొడి చల్లక స్ట్రైకరును విడిచి చూడుడు. పొడి చల్లి అదే దెబ్బతో మరల విడువుడు. రెండవమారు అది దూరము పోవును. పొడి దానికి బలమీయలేదు, రాపిడిని తగ్గించినది. "రాపిడి బొత్తిగా లేనిచో?" అని అడుగుడు. పిల్లలు చెప్పు జవాబే మొదటి సూత్రము.

ఒక తోపుడుబండిని ఖాళీగా ఒకమారు, రెండు బస్తాలు వేసి ఒకమారు, ఒకే బలముతో త్రోయించుడు. ఏది త్వరగా వేగమందుకొన్నదో వారి చేతులకే తెలియును. ఇది రెండవది.

ఇక మూడవది. తెప్పనుండి ఒడ్డుకు దూకినప్పుడు తెప్ప వెనుకకు పోవునని ముక్కాము కుర్రవానికి ఎవరును చెప్పనక్కరలేదు. తెడ్డు నీటిని వెనుకకు నెట్టగా, నీరు తెప్పను ముందుకు నెట్టును. ఇచ్చట తెలివిగల పిల్ల ఒక చిక్కు తెచ్చును: "రెండు బలములును సమానములై ఎదురెదురుగా నున్నచో కొట్టివేతకు పోవా? కదలిక యెట్లు?" దీనికి మా పద్దుల పుస్తకమే సమాధానము. రామయ్య సోమయ్యకు 100 రూపాయలిచ్చిన, రామయ్య ఖాతాలో ఖర్చు, సోమయ్య ఖాతాలో జమ. మొత్తము ఒక్కటే; కాని ఖాతాలు వేరు గనుక కొట్టివేయరాదు. నీటిపై పడిన బలము నీటి ఖాతాలోనిది. తెప్పపై పడినది తెప్ప ఖాతాలోనిది. తెప్ప సంగతి తెలియవలెనన్న తెప్ప ఖాతానే చూడవలెను.

2023 జూలై 14న శ్రీహరికోటనుండి చంద్రయాన్-3ను మోసికొనిపోయిన సుమారు 640 టన్నుల రాకెట్టు లేచినదియు ఈ సూత్రముచేతనే. అది క్రింది గాలిని ఆనుకొని లేవదు. తాను క్రిందికి విసరిన వాయువే దానిని పైకి నెట్టును. కనుకనే గాలి లేనిచోటను అది పనిచేయును.

ఇవి వినోదమునకు మాత్రమే కావు. మన ఊరిమీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు మోటారుసైకిలు బ్రేకు వేసిన పిదప 12 మీటర్లలో ఆగునని అనుకొందము. అదే బ్రేకుతో 80 కిలోమీటర్ల వేగమున ఆగుటకు 24 మీటర్లు చాలవు, 48 కావలెను. వేగము రెట్టింపైన దూరము నాలుగు రెట్లు. బండి గ్రుద్దుకొని ఆగినను దానిపైనున్న శరీరము ఆగదు. హెల్మెట్టు ఎందులకో మొదటి సూత్రమే చెప్పుచున్నది. ఈ లెక్క పరీక్షలో తప్పిన మార్కులు పోవును; రహదారిపై తప్పిన బిడ్డ పోవును.

కావున గ్రంథాలయ కార్యవర్గమునకు నా మనవి యొకటి. నెలకొక ఆదివారము సాయంకాలము పిల్లలను ఇచ్చటకు చేర్చుడు. కేరమ్ బల్ల, తోపుడుబండి, నాలుగు గోళీలు చాలును. పెద్దలు మాత్రము ఒక్క నియమము పాటింపవలెను: పిల్లలు ఊహించి, చేసి చూచువరకు జవాబు చెప్పరాదు.