చిత్తు కాగితాల్లో మన కుట్టు

ముప్పాళ్ళ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల నుంచి ఇంత దూరం వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని చూస్తే సంతోషంగా ఉంది.

నన్ను హాబీ గురించి మాట్లాడమన్నారు. హాబీ అంటే డబ్బున్నవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. కెమెరా కొనాలి, గిటారు కొనాలి, కనీసం రంగుల డబ్బా అయినా కొనాలి. నేను చెప్పబోయేదానికి ఇంట్లో ఉన్న కత్తెర, నిరుటి క్యాలెండర్, రెండు చెంచాల మైదా చాలు. దాని పేరు కొలాజ్. కాగితం ముక్కలు అతికించి బొమ్మ చేయడం. అతికించడం అనే ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది.

1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తన బొమ్మకు అతికించి, ఫ్రేముకు బదులు చుట్టూ తాడు బిగించాడు. అదే ఏడాది ఆయన మిత్రుడు బ్రాక్, గోడలకు అంటించే చెక్క డిజైను కాగితం దుకాణంలో కొనుక్కొచ్చి బొమ్మలో వాడాడు. కళలో అదొక పెద్ద మలుపని పుస్తకాలు రాస్తాయి. కావచ్చు. మన దాదీల పేటియా, కాంచళి చూసి పెరిగినవాళ్లకు మాత్రం అందులో అంత వింతేమీ కనిపించదు. ఎర్రగుడ్డ మీద నీలం ముక్క, దాని మీద పసుపు ముక్క, నడుమ అద్దం, అంచున గవ్వలు, పాత నాణేలు. దొరికినదాన్ని దొరికినదాని పక్కన పెట్టి అందం తేవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పనే.

బినోద్ బిహారీ ముఖర్జీ పేరు గుర్తుపెట్టుకోండి. శాంతినికేతన్ చిత్రకారుడు. పుట్టుకతోనే చూపు అంతంతమాత్రం. యాభై దాటాక కంటి ఆపరేషన్ తర్వాత అదీ పోయింది. ఆయన పని ఆపలేదు. కాగితాన్ని చేత్తో తడిమి కత్తిరించి అతికిస్తూ బొమ్మలు చేశాడు. ఆయన మీద సత్యజిత్ రాయ్ 1972లో డాక్యుమెంటరీ తీశాడు. నాకు బొమ్మలు రావు అనే తమ్ముళ్లకు ఇంతకన్నా చెప్పను.

ఇక సరుకు సంగతి. దినపత్రిక సాధనకు మంచిదే గానీ మన పల్నాటి ఎండకు త్వరగా పసుపెక్కుతుంది. నిలవాల్సిన బొమ్మకు క్యాలెండర్, శుభలేఖ, అగరుబత్తి పెట్టె వాడండి. సిగరెట్ పెట్టె లోపలి వెండి కాగితాన్ని గుండ్రంగా కత్తిరిస్తే అద్దం బిళ్ల. అడుగున ఏదైనా అట్ట. విత్తనాల సంచులు, పురుగుమందు ప్యాకెట్లు ఎంత రంగుగా ఉన్నా ముట్టుకోవద్దు. మిరప, పత్తి పండే ఊళ్లలో అవి కాళ్లకు అడ్డం పడుతుంటాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. విత్తనానికి పూసిన మందు సంచికీ అంటుకుని ఉంటుంది.

మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద చిక్కబడేదాకా కలియబెడితే బంక తయారు. సినిమా పోస్టర్లు అతికించేది దీంతోనే. రెండు రోజులకు పులుస్తుంది, కాబట్టి కొంచెమే కాచుకోండి. తుమ్మబంక నీళ్లలో నానబెట్టుకున్నా సరే. బంక పలచగా రాయండి. ఆరేటప్పుడు మీద బరువు పెట్టకపోతే అట్ట వంకర తిరుగుతుంది.

పత్రికను నిలువుగా చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే గరుకు అంచు వస్తుంది. కొండకు గరుకు అంచు, కాలవకు తిన్నని అంచు. ఎరుకల ఇళ్ల పిల్లలు ఇక్కడ ఉంటే, కాగితం పట్టీలను బుట్ట అల్లినట్టు అల్లి చూడండి, మీ చేతులకు మాకన్నా తొందరగా వస్తుంది.

నేను అసలు అడగాలనుకున్నది ఇప్పుడు అడుగుతాను. మన తండాల్లో ఆ కుట్టుబట్టలు రోజూ కట్టేది ఇప్పుడు ముసలివాళ్లే. వాళ్ల తర్వాత అవి పెట్టెల్లోకి వెళ్తాయి, లేదా పాతబట్టలు కొనేవాళ్ల చేతికి పోయి పట్నంలో బ్యాగులుగా, దిండు గలీబులుగా తేలతాయి. అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను, ఇంటి అవసరం అలాంటిది. కానీ బట్టతో పాటు లెక్క కూడా పోతోంది. ఏ రంగు పక్కన ఏ రంగు, ఎన్ని గళ్లకు ఒక అద్దం అన్న లెక్క. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు సూది వదలలేదు కనుక వచ్చింది.

సూది పట్టే ఓపిక మీకు వెంటనే రాకపోవచ్చు. కాగితం పట్టండి. మీ దాదీ పక్కన కూర్చుని, ఆమె పేటియా అంచులో జానెడు మేర చూసి, గళ్లు లెక్కపెట్టి, అదే కొలతలో కాగితంతో చేయండి. ఫోన్లో ఫొటో తీస్తే చాలదా అంటారు. తీయండి. కానీ త్రికోణాలు ఒక్కొక్కటే కత్తిరిస్తేనే ఏది ముందు పడిందో, ఏది దాని మీద పడిందో తెలుస్తుంది. అట్ట వెనక ఆమె పేరు, తండా పేరు, ఆ ముక్కను మన మాటలో ఏమంటారో రాయండి. తెలుగు అక్షరాల్లోనే రాయండి, ఫరవాలేదు.

నా మాటలు చాలు. ఆ మూల పాత క్యాలెండర్లు ఉన్నాయి, గిన్నెలో బంక ఉంది. కత్తెరలు ఆరే ఉన్నాయి, మిగతావాళ్లు చేత్తో చింపండి. భోజనాల గంట కొట్టేలోపు తలా ఒక అంచు చేద్దాం.