చిన్న ఊరి సర్జన్ – మనం తీర్చవలసిన బాకీ

(చిక్కబళ్ళాపురంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న ఊరిలో ఉండి ఆపరేషన్లు చేసే సర్జన్ జీవితం గురించి, సేవ గురించి మాట్లాడమని మీరు అడిగారు. పొగడ్తలతో మొదలుపెట్టడం సులభమే. కానీ మేము ముందు ఒక రాత్రి సంగతి చెబుతాము.

బాగేపల్లి వైపు ఒక పల్లె. అరవై దాటిన కూలి మనిషి. ఏడేళ్ళుగా ఆయనకు గజ్జల్లో పేగు జారుతోంది. డాక్టర్లు హెర్నియా అంటారు. పంచె బిగించి కట్టుకునేవాడు, రాత్రి పడుకుని చేత్తో లోపలికి నెట్టుకునేవాడు, తెల్లారి మళ్ళీ పనికి పోయేవాడు. ఒక రాత్రి అది లోపలికి పోలేదు. వాంతులు మొదలయ్యాయి, కడుపు ఉబ్బింది. ఇంట్లోవాళ్ళు కబురు చేస్తే మేము వెళ్ళాము. మేము వెళ్ళేసరికి వాళ్ళు డబ్బు లెక్కపెట్టుకుంటున్నారు. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ముందు అడ్వాన్స్ ఎంత కడతారని అడిగారు. చిక్కుకున్న పేగుకు రక్తం అందదు. కొన్ని గంటలు దాటితే అది కుళ్ళిపోతుంది, మనిషి దక్కడు.

ఆ రాత్రి ఒక చిన్న ఊరి సర్జన్ తలుపు తీశారు. వెన్నులో మత్తు సూది వేసి, ఒక నర్సమ్మను పక్కన పెట్టుకుని ఆపరేషన్ చేశారు. పేగు ఇంకా చావలేదు. మనిషి బతికాడు. డబ్బు మాట మూడో రోజు వచ్చింది.

తెల్లారాక డాక్టరుగారు అడిగారు: "ఏం పెద్దాయనా, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదు?"

"వస్తే నెల కూలి పోతుంది సార్. బరువు ఎత్తొద్దంటారు. ఎత్తకపోతే మాకు పనేముంది?"

డాక్టరుగారు ఏమీ అనలేదు. మాకూ జవాబు దొరకలేదు. ఈ సాయంత్రం మేము చెప్పబోయేదంతా ఆ పెద్దాయన మాట చుట్టూనే.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. ఆఫీసుల్లో కన్నడ, ఇళ్ళల్లో చాలామందికి తెలుగు. చింతామణి దగ్గర కైవారం తాతయ్య తెలుగులో కూడా తత్వాలు పాడారు. ఏడాది పొడవునా పారే నది లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు, పడిన నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్. టమాటా, పట్టు, పూలు, ద్రాక్ష, రాతి క్వారీలు: ఇవీ మన బతుకుదారులు. 44వ నంబరు జాతీయ రహదారి బాగేపల్లిని, చిక్కబళ్ళాపురాన్ని కలుపుతూ బెంగళూరుకు పోతుంది. దాని మీదే మన కూలీలు తెల్లవారకముందే బయలుదేరతారు.

2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర క్వారీ పేలుడు పదార్థాలు పేలి ఆరుగురు చనిపోయారు. 2023 అక్టోబరు 26 పొద్దున, పొగమంచులో, ఇక్కడే చిక్కబళ్ళాపురం అంచున ఆగివున్న ట్యాంకరును ఒక టాటా సుమో గుద్దుకుంది. 13 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్ర వైపు నుంచి పనికోసం బెంగళూరుకు పోతున్నవాళ్ళు. విరిగిన ఎముక, చితికిన చెయ్యి, కాన్పు అడ్డం తిరిగిన తల్లి, పగిలిన అపెండిక్స్ – ఇవి మన ప్రాంతంలో వారం వారం వచ్చే కేసులు. వీటికి సర్జన్ ఎంత దూరంలో ఉన్నారన్నదే ప్రశ్న.

2015లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ ప్రపంచమంతటి లెక్క తీసింది. సమయానికి, భరించగల ఖర్చులో, సురక్షితమైన ఆపరేషన్ అందనివాళ్ళు 500 కోట్లమంది అని చెప్పింది. రెండు గంటల దూరంలో మూడు పనులు చేయగల ఆసుపత్రి ఉండాలని కోరింది: సిజేరియన్ కాన్పు, కడుపు తెరిచి చేసే ఆపరేషన్, ఎముక బయటికి వచ్చిన విరుగుడుకు చికిత్స. మ్యాపులో చూస్తే బాగేపల్లి నుంచి బెంగళూరు రెండు గంటలే కదా అనిపిస్తుంది. అర్ధరాత్రి బండి దొరకాలి, డబ్బు దొరకాలి, తోడు వచ్చే మనిషి దొరకాలి. కూలి ఇంటినుంచి కొలిస్తే ఆ దూరం వేరు.

ఆ దూరాన్ని తగ్గించడానికి మన పెద్దలు కొందరు ముందే పూనుకున్నారు. చింతామణి దాటి సరిహద్దు అవతలికి పోతే మదనపల్లె. అమెరికా నుంచి వచ్చిన జేకబ్ ఛాంబర్లేన్ 1863లో అక్కడికి చేరారు. ఆయన బోధకుడు, వైద్యుడు కూడా. తెలుగు నేర్చుకుని, తెలుగు బైబిలు సవరణ పనికి ఏళ్ళ తరబడి కూర్చున్నవారు. అదే చేతులతో గాయాలు కడిగి కట్లు కట్టారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. తర్వాత ఆ ఊరి పక్కనే ఆరోగ్యవరంలో, 1915లో, క్షయ రోగుల ఆసుపత్రి మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నిలబెట్టారు. ఇటు చిక్కబళ్ళాపురంలో లండన్ మిషన్ వారు కట్టిన ఆసుపత్రి, వారి కార్యదర్శిగా పనిచేసిన వార్డ్‌లా థాంప్సన్ పేరుతో మొదలై, దక్షిణ ఇండియా సంఘం ఆసుపత్రిగా మీకందరికీ తెలుసు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా లండన్ మిషన్ వారిదే.

ఈ చరిత్ర చెప్పుకుని మనం పొంగిపోతాము. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పుకుందాం. ఆ ఆసుపత్రుల్లో పుట్టి, అక్కడే కోలుకుని, చదువుకుని పైకి వచ్చిన మనలో ఎంతమందిమి ఇవాళ వాటివైపు చూస్తున్నాము? మనకు జబ్బు చేస్తే నగరానికి పోతాము. శతాబ్ది ఉత్సవానికి మాత్రం తిరిగి వస్తాము.

ఇక ఆ సర్జన్ పని ఎలాంటిదో చూద్దాం. నగరంలో మోకాలికి ఒకరు, పేగుకు ఒకరు, గొంతుకు ఒకరు. చిన్న ఊరిలో అన్నిటికీ ఒక్కరే. మత్తు డాక్టరు దొరకని రాత్రి మత్తు కూడా ఆయనే ఇవ్వాలి. కరెంటు పోతే జనరేటరు ఆయనే చూసుకోవాలి. చేయకూడని కేసును గుర్తుపట్టి పైకి పంపడం కూడా ఆయన విద్యే. పొరపాటు జరిగితే రేపు అదే వీధిలో ఆ ఇంటివాళ్ళకు ఎదురుపడాలి.

ఇలాంటివాళ్ళు మన దేశంలో ఒకరినొకరు వెతుక్కుని, 1990లలో గ్రామీణ సర్జన్ల సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళలో ఒకరి సంగతి మీకు చెప్పాలి. మహారాష్ట్రలో ధూళే జిల్లాలోని దొండాయిచా అనే చిన్న ఊరి సర్జన్, డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్. హెర్నియాకు కుట్లు మాత్రమే వేస్తే కొందరికి మళ్ళీ జారుతుంది. అక్కడ సన్నని వల ముక్క పెట్టి కుడితే గట్టిగా నిలుస్తుంది. కంపెనీలు అమ్మే వల పేదవాడు కొనలేడు. ఆయన దోమతెర గుడ్డను పరీక్షించి, ముక్కలుగా కత్తిరించి, ఆవిరి యంత్రంలో క్రిములు లేకుండా చేసి వాడారు. ఖర్చు కొన్ని రూపాయలు. దాచుకోలేదు. తోటి సర్జన్లతో కలిసి కేసులు లెక్కగట్టి 2003లో భారత సర్జరీ పత్రికలో ప్రచురించారు.

పేదవాడికి తక్కువ రకం వస్తువు పెడుతున్నారని అనుమానించడం న్యాయమే. అందుకే పరీక్ష అవసరం. ఉగాండాలో 302 మంది మగవాళ్ళ మీద చవక వలకూ కంపెనీ వలకూ పోటీ పెట్టి చూశారు. 2016లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. దొండాయిచా సర్జన్ ఆలోచన ఆఫ్రికా కూలీల గజ్జల్లో నిలబడింది. బాగేపల్లి పెద్దాయనలాంటి వాళ్ళను చూసి చూసి పుట్టిన ఆలోచన అది. సేవ అంటే ఫీజు తగ్గించడం ఒక్కటే కాదని మాకు ఈ సంగతి నేర్పింది. రోగి బతుకు ఎరిగి, ఆ బతుకుకు సరిపోయే వైద్యాన్ని వెతకడం కూడా సేవే.

అయితే మంచి డాక్టరు ఒక్కరు చేయలేని పనులు ఉన్నాయి. రక్తం సంగతి తీసుకోండి. డబ్బుకు రక్తం అమ్మే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 జనవరి నుంచి నిషేధమైంది. అది మంచి తీర్పు. కానీ అప్పటికప్పుడు బంధువుల రక్తం తీసి ఎక్కించి ప్రాణం కాపాడే చిన్న ఆసుపత్రులు చిక్కుల్లో పడ్డాయి. బ్లడ్ బ్యాంకు దూరమైన ఊళ్ళో కాన్పు తర్వాత రక్తస్రావమయ్యే తల్లికి ఆ దూరమే ప్రమాదం.

ప్రభుత్వ ఆసుపత్రుల సంగతీ చూడండి. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన సర్జన్లలో సుమారు 83 శాతం కొరత. భవనం ఉంది, బోర్డు ఉంది, బల్ల ఉంది. చెయ్యి లేదు.

డబ్బు విషయంలో మన రాష్ట్రం కొన్ని మంచి పనులు చేసింది. 2003లో యశస్విని పథకం వచ్చింది. సహకార సంఘాల రైతులు మొదట్లో ఏడాదికి 60 రూపాయలు కట్టి ఆపరేషన్లకు రక్షణ పొందారు. భూమిలేని, ఏ సహకార సంఘంలోనూ లేని కూలి మాత్రం ఆ గడప బయటే ఉన్నాడు. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక కింద పేద కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది. కానీ కార్డు ఇంట్లో ఉండి, దాన్ని ఎలా వాడాలో తెలియక వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబాలను మేము చూశాము. కోల్పోయిన నెల కూలికైతే ఏ కార్డూ లేదు.

న్యాయం మాట కూడా చెప్పాలి. చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవంగా తగలబెట్టారు. ఆ కేసులో నిందితులు 2006లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఈ నేలమీద కొందరి ఒంటికి విలువ తక్కువ అని అలవాటు పడ్డాము. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ప్రతి ఒంటికీ ఒకే కత్తి, ఒకే దారం, ఒకే శ్రద్ధ అన్నప్పుడు ఆ అలవాటు మీద దెబ్బ పడుతుంది. బాగేపల్లిలో కూలీలు సంఘంగా కూడుకున్న చరిత్ర మనకుంది. తలవంచి అడుక్కోవడం కాకుండా, కలిసి నిలబడి అడగడం వాళ్ళు నేర్చుకున్నారు. వైద్యం కూడా అలాగే అడగవలసిన హక్కు.

మంచి సమరయుని కథ మనకు కంఠస్థం. దారిలో ఆగినవాడిని అందరం మెచ్చుకుంటాము. ఆ కథలో మనం పట్టించుకోని మనిషి ఒకడున్నాడు: పూటకూళ్ళవాడు. సమరయుడు మర్నాడు వెళ్ళిపోయాడు. గాయపడినవాడికి కట్టు మార్చింది, నీళ్ళు పట్టింది, నిద్ర మానుకుంది ఊళ్ళో మిగిలినవాడే. చిన్న ఊరి సర్జన్ ఆ పూటకూళ్ళవాడు. సమరయుడు అతనికి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. ఆ బాకీ సంగతి మనం మరిచిపోయాము. సేవ చేసేవాడు సేవ చేస్తూనే ఉంటాడు, ఖర్చు ఆయనే భరిస్తాడు అనుకున్నాము. అలా అనుకున్నందుకే చాలా తలుపులు మూతపడ్డాయి.

ఆ బాకీ తీర్చడానికి మేము నాలుగు పనులు కోరుతున్నాము. ఒకటి, ప్రతి సంఘంలో రక్తం ఇవ్వగలవాళ్ళ పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసి తాలూకా ఆసుపత్రికి ఇవ్వండి. రెండు, కూలి కుటుంబాల ఆరోగ్య కార్డులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూడండి. మూడు, ఆపరేషన్ అయిన ఇంటికి ఆ నెల బియ్యం, పప్పు పంపండి. బరువు ఎత్తలేని నెలలో అదే మందు. నాలుగు, తాలూకా ఆసుపత్రిలో సర్జన్, మత్తు డాక్టరు పోస్టులు ఖాళీగా ఉంటే మీ ఎమ్మెల్యేను అడగండి, రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.

నర్సింగ్ బిడ్డలారా, ఆ రాత్రి సర్జన్ పక్కన నిలబడిన నర్సమ్మ లేకపోతే ఆ పెద్దాయన లేడు. చదువయ్యాక దూరదేశం పోవాలని మీ ఇంట్లో అనుకుంటారు. తప్పు కాదు, అప్పులున్నాయి. పోయేముందు రెండేళ్ళయినా ఈ ఊళ్ళకు ఇవ్వగలరా అని ప్రార్థనలో ఆలోచించండి. అలా ఉండేవాళ్ళకు సరైన జీతం, భద్రమైన వసతి ఇవ్వడం మన సంఘాల బాధ్యత.

ఆ పెద్దాయన ఇప్పుడు మేకలు కాస్తున్నాడు. బరువు ఎత్తడం లేదు. ఊరివాళ్ళు నలుగురు కలిసి ఆయనకు రెండు మేకలు కొనిచ్చారు. డాక్టరుగారి ప్రశ్నకు ఆ ఊరు ఇచ్చిన జవాబు అది. మనమూ అలాంటి జవాబు ఇచ్చేలా దేవుడు మనకు సహాయం చేయునుగాక.