మౌనాన్ని కత్తిరించకండి
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)

వీడియో ఇంటర్వ్యూల ఎడిటింగ్ త్వరగా ముగించే పద్ధతి చెప్పమన్నారు. ముందు కాగితం మీద ఎడిట్ చేయండి. మాటలన్నీ నిమిషం, సెకనుతో సహా రాసుకుని, కావలసినవి గుర్తు పెట్టుకుంటే కంప్యూటర్ దగ్గర గంటల పని తగ్గుతుంది. ఇది కొత్తదేమీ కాదు. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడా తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను టేపుల నుంచి రాసుకున్నదే.

ఇప్పుడు మాటల్ని రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. వాడుకోండి, యాస తప్పుగా రాస్తే దిద్దుకోండి. మౌనాల్ని వాటంతటవే తీసేసేవీ ఉన్నాయి. నేనూ ఒకసారి వాడాను. భర్త కొట్టిన సంగతి చెబుతూ ఒకామె చాలాసేపు ఆగిపోయింది. ఆ విరామం పోయేసరికి పాఠం అప్పజెప్పినట్టు తయారైంది. చూసి, “నేనిట్ల చెప్పలే గదమ్మా” అంది. తిరిగి పెట్టాను.

పని త్వరగానే చేద్దాం. ఏం తీసేయాలో మాత్రం ఆమెను అడిగి తేల్చుకుందాం.