పట్నవాసము – జొన్నరొట్టె
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఏదేని కావ్యమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గురుముఖమున కావ్యములు చదివినవాడను గాను. పగలెల్ల లెక్కలు వ్రాసికొని, రాత్రులు ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, శబ్దరత్నాకరమును ప్రక్కన బెట్టుకొని, పద్యమును కూడబలుకుకొన్నవాడను. కావ్యసంగతి చెప్పుమనగా సంగటి సంగతి చెప్పుచున్నాడేమని పెద్దలు కోపింపకుందురు గాక.

అయినను ఆరంభము కవిసార్వభౌమునితోనే. శ్రీనాథుడు పదునైదవ శతాబ్దిలో ప్రౌఢదేవరాయల కొలువునకు పోయి, డిండిమభట్టు నోడించి, కనకాభిషేకము పొందెనని చదువుకొన్నాము. ఆ గౌరవము దొరకుటకు ముందటి దినములను తలపించు చాటువొకటి ఆయన పేర ప్రచారములో నున్నది. తలకు కుళ్లాయి, ఒంటికి నిడుపాటి అంగీ తగిలించుకొని, వెల్లుల్లియు నూగుపిండియు మెసవి, అంబలి త్రాగి, ఇంత చేసినను దయరాదా యని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొన్నాడట. ఆ మహాకవియే పల్నాటికి పోయినప్పుడు అచ్చటి రాళ్లతోపాటు జొన్నకూటినిగూడ ఎత్తిపొడిచెనని చెప్పుదురు. ఆయన ఛీకొట్టిన ఆ జొన్నకూటికొరకే నేడు మన బిడ్డలు బెంగళూరిలో బెంగపెట్టుకొని యున్నారు!

మన మైదుకూరు నాలుగు త్రోవల కూడలి. ఒక త్రోవ కడపకు, ఒకటి కర్నూలునకు, ఒకటి ప్రొద్దుటూరునకు, ఒకటి బద్వేలునకు. నాలుగు త్రోవలును మన పిల్లలను తీసికొనిపోవుచున్నవి. 1953 వరకు మనకు రాజధాని మద్రాసు గనుక మన పెద్దలు చదువునకును, వ్యాజ్యమునకును అచ్చటికే పోయిరి. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై. ఇంకను దూరము పోగలిగినవారికి కువైటు.

నిరుడు నేను బెంగళూరిలోని మా కుమారుని ఇంటికి పోతిని. మా అమ్మ మూడు మూటలు కట్టి యిచ్చెను. ఒకటి జొన్నపిండి, ఒకటి చెనిక్కాయలు, మూడవది ఎండుమిరపకాయలు. రాత్రి బస్సులో ఆ మూడవ మూట ఎవరి కాలిక్రిందనో నలిగెను. తెల్లవారువరకు బస్సులో తుమ్మని మనిషి లేడు. మూట ఎవరిదని కండక్టరు అడిగినపుడు నేను నిద్రపోవుచున్నట్లు నటించితిని. లెక్కలలో ఏనాడును ఒక అంకె దాచినవాడను గాను; ఆ మూటను మాత్రము దాచితిని.

మా వాని కాపురము నాలుగవ అంతస్తున. వంటయింట ఇద్దరు నిలుచుండిన మూడవవారు బయటనుండియే మాటలాడవలెను. నీళ్లు వేళప్రకారము వచ్చును. నేను చేరిన నాడు లిఫ్టు చెడియుండుటచే మూటలతో మెట్లెక్కితిని. ఇవి యెల్ల పట్నమున అందరును పడునవే గనుక విస్తరింపను.

మరునాడు చెనిక్కాయల ఊరిబిండి చేయుదమని కోడలు పెనముమీద ఎండుమిరపకాయలు వేయించెను. మన యిండ్లలో ఆ ఘాటు పెరటిలోనికి పోవును. అచ్చట పోవుటకు పెరడేది? నిమిషములో మెట్లదారియంతయు దగ్గులే. వాచ్‌మన్ ఎచ్చటనో నిప్పంటుకొన్నదని బకెట్టు పట్టుకొని పరుగెత్తివచ్చెను. ఎదురింటి కన్నడ తల్లి కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని తలుపు తట్టెను. మేము చేతులు జోడించితిమి.

ఊరిబిండి కుదిరినది, రొట్టె కుదరలేదు. కోడలు తట్టిన అంచులు పగిలినవి, కుమారుడు తట్టిన నడుమ చీలినది, నాది పెనము చేరకయే చేతిలో తునిగినది. అమ్మకు ఫోను చేసితిని.

“నీళ్లు తెర్లినాయా?” అనెను.

“తెర్లినాయమ్మా. గ్లాసు పిండికి ఎన్ని నీళ్లు?”

“పిండి అడిగినన్ని, నాయనా.”

లెక్కలు వ్రాయువానికి ఇంతకంటె ఘోరమైన ప్రత్యుత్తరము ఉండునా?

కారణము పిమ్మట తెలిసినది. గోధుమపిండివలె జొన్నపిండికి సాగుగుణము లేదు. తెర్లిన నీళ్లు పోసి పిసికిననే కొంత జిగి వచ్చును. పిండి నిలువ యైనకొలది ఆ జిగి తగ్గును. మా పిండి క్రొత్తదే. చేతులు క్రొత్తవగుట దోషము. పట్నమున అంగడి పొట్లములో పిండి ఎన్నినాళ్లదో! 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య వత్సరముగా జరిపినది మొదలు అచ్చట కొర్రలు సన్నబియ్యముకంటె ప్రియముగా అమ్ముటను చూచితిని. మన తాతలు ఈ మాట విని నవ్వియుందురు.

ఆ సాయంత్రము మన సీమపేరు బోర్డుమీద వ్రాసికొన్న భోజనశాలకు పోతిమి. సంగటి వచ్చినది, ఊరిబిండియు వచ్చినది. ఊరిబిండిలో చక్కెర! మా వాడు నోట పెట్టుకొని నా మొగము చూచెను. ఇద్దరమును మాటలాడక బిల్లు చెల్లించి వచ్చితిమి.

మూడవనాడు ఎదురింటి కన్నడ తల్లి రాగిముద్దయు, సొప్పుల పులుసును గిన్నెలో తెచ్చి యిచ్చెను. ఆ ముద్ద వట్టి పిండితో చేయునది. నమలక మ్రింగవలెనని ఆమె నేర్పెను. మన సంగటిలో ఉడికిన బియ్యపు మెతుకు పంటికి తగులును గదా, ఆ భేదమున్నది. అయినను మా వాడు రెండు ముద్దలు తిని, “నాయనా, ఇది మనది గాదు గాని కడుపుకు మనదే” అనెను. శ్రీనాథునకు అట్టి పొరుగింటి తల్లి దొరకియుండినచో ఆ చాటువు మనకు దక్కెడిది కాదేమో!

సంక్రాంతికి వాడు ఊరికి వచ్చి జొన్నరొట్టె అడిగెను. అప్పుడు నాకొక సంగతి తోచినది. మా వీధిలో రొట్టె తట్టు ఇండ్లు ఎన్నియని లెక్కించితిని. మూడు. మూడింటను తట్టువారు ముసలివారే. పట్నము పోయినవారు రొట్టెకు దూరమైరని మనము జాలిపడుచున్నాము. పోనివారమైన మనముమాత్రము దగ్గరగా ఉన్నామా? 1863–70 నడుమ త్రవ్విన కర్నూలు–కడప కాలువ మనకు వరిమళ్లను ఇచ్చినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. దానిని నిందించుటకు నాకు నోరురాదు. కాలువక్రింద సెంటు భూమిలేని ఇండ్లలో పండుగ కూడు దినదినపు కూడైన కాలమది. ఆ సంతోషము నేను బాలుడనై చూచినాను. రోకళ్లు, తిరుగళ్లు మూలబడుటయు అప్పుడే చూచినాను.

మా అమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. మన గ్రంథాలయపు బీరువాలో వంటల పుస్తకములు వెదకితిని. ఆమె చేయు రొట్టె వాటిలో లేదు. కావున సంక్రాంతి మరునాడు లెక్కల పుస్తకమొకటి తీసికొని పొయ్యికడ కూర్చుంటిని. పిండి ఇంత, ఉప్పు ఇంత, పెనముమీద ఇంతసేపు. తట్టునప్పుడు కుడిచేయి తిరుగు తీరుగూడ బొమ్మగా గీసికొన్నాను. అమ్మ నవ్వి, “నువ్వు రాసేలోగా రొట్టె మాడిపోతాది, లెయ్” అనెను. కోడలు ఆమె ప్రక్కన కూర్చుండి తట్టినది. మూడు పగిలినవి. నాల్గవది నిలిచినది, దానిని మా వాడు పెనముమీదనుండి తీయుచుండగనే తినివేసెను.

ఆ పుస్తకమును ఈనాడు మన గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. ఇండ్లలో పెద్దలున్నవారు తక్కిన పుటలు నింపవచ్చును: కొర్రన్నము, అలసంద వడలు, చింతచిగురు పప్పు, ఎవరికేది వచ్చిన నది. మొదటి పుటలో నీళ్ల కొలత వ్రాయవలసిన గడిమాత్రము ఖాళీగానే యున్నది. అమ్మ ఇంకను చెప్పలేదు.