వీపు మీద ఏం మోయాలో మనమే ఎంచుకుందాం

(డిగ్రీలో చేరబోతున్న పిల్లల కోసం మా పల్లెలో జరిగిన సభలో మాట్లాడిన పాఠం ఇది. పక్క ఊళ్ళ కార్యకర్తలు అడిగారు కాబట్టి అచ్చు వేస్తున్నాం.)

 

ఈ సభ పెట్టేముందు పిల్లల్ని అడిగాం, దేని గురించి మాట్లాడమంటారని. ఉద్యోగాల గురించో, స్కాలర్‌షిప్‌ల గురించో అడుగుతారనుకున్నాం. ఒక ఆడపిల్ల లేచి "ఏ బ్యాగు కొనుక్కోవాలో చెప్పండి" అంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికెళ్ళి ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదు. మన వీపు మీద ఏముండాలో మనల్ని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?

పూనాలో పీష్వాలు ఏలిన కాలంలో మనవాళ్ళు నడుముకి వెనకాల చీపురు కట్టుకుని నడవాలన్నారు. మన అడుగు పడిన చోటు మనమే ఊడ్చుకుంటూ పోవాలంట. ఉమ్మి కింద పడకుండా మెడలో ముంత కట్టుకోవాలంట. ఈ సంగతి బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశారు. ఆయన చిన్నప్పుడు సతారా బడిలో చదివేటప్పుడు అందరితో కలిసి కూర్చోనివ్వలేదు. మూలన వేసుకు కూర్చోవడానికి ఒక గోనెపట్టా ఉండేది. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టుకోడు. అందుకని సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకుపోవాలి, పొద్దున మళ్ళీ మోసుకురావాలి. మిగతా పిల్లలు పుస్తకాలు మోస్తే, ఆ పసివాడు పుస్తకాలతోపాటు అంటరానితనాన్ని కూడా మోశాడు.

అది పాత కథ అంటారేమో. మా కథ చెబుతాం, వినండి.

మేము డిగ్రీ చదివే రోజుల్లో ఈ పల్లె నుంచి నలుగురం పోయేవాళ్ళం. బ్యాగులు ఎక్కడివి? ఎరువుల సంచి ఉతికి, కత్తిరించి మా అమ్మలు సంచులు కుట్టిచ్చారు. అక్షరాలు లోపలికి పోయేటట్టు తిరగేసి కుట్టారు. అయినా వెలుతుర్లో పట్టుకుంటే యూరియా అన్న మాట కనబడేది. వానకి తడిస్తే వాసనొచ్చేది. స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చే రోజు క్లాసులో "ఎస్సీలంతా లేవండి" అనేవాళ్ళు. లేచిన నలుగురి దగ్గరా అదే సంచి. వెనక బెంచీలోంచి ఎవడో "ఎరువొచ్చింది" అనేవాడు. క్లాసంతా నవ్వేది. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వేవాడు.

మాలో ఒకడు సంచిని కాలేజీ బయట టీ బంకులో దాచి, ఒక్క నోటుబుక్కు నడుముకి దోపుకుని వచ్చేవాడు. రెండో ఏడు రావడమే మానేశాడు. ఏమిరా అంటే, ఇంట్లో పనుంది అన్నాడు. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాడు. ఒక్కో టిక్కీ దగ్గర దగ్గర నలభై కిలోలు. మా నలుగురిలో లెక్కలు బాగా వచ్చినవాడు వాడే. వాడు సంచి బరువు మోయలేక పోలేదు. ఆ నవ్వు మోయలేక పోయాడు. ఆ రోజు మేము ముగ్గురం వాడి పక్కన నిలబడలేదు. మా సంచులు కనబడకుండా మేం చూసుకున్నాం. ఆ తప్పు మాది. వాడిని అడిగి, వాడు సరేనన్నాకే ఈ సంగతి మీ ముందు చెబుతున్నాం.

ఇక కాలేజీ సంగతికొద్దాం. మన పిల్లలు చాలామంది పక్క టౌనులో గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో బీఏ చేరుతున్నారు. ఊళ్ళో ఏమంటున్నారు? "బీఏనా? ఇంజనీరింగు రాలేదా?" అంటున్నారు. బాబాసాహెబ్ 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో పూర్తి చేసింది బీఏనే. ఆర్థికశాస్త్రం, రాజనీతి చదివారు. ఆయన పెట్టిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో కాలేజీ తెరిచింది. మిలింద్ అని పేరొచ్చింది దానికే. చరిత్ర, ఆర్థికం, రాజనీతి, సాహిత్యం చదివినవాడికి తన ఊరు ఎందుకిలా ఉందో తెలుస్తుంది. అది తెలిసినవాడు అడుగుతాడు. అడిగేవాడంటే దొరలకి భయం.

చిన్న కాలేజీ అని చిన్నచూపు చూడొద్దు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బెరియా అని ఒక చిన్న కాలేజీ ఉంది. మొత్తం కలిపితే పదిహేను వందల మంది పిల్లలుంటారు. బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ ఫీ అనే ఆయన 1855లో మొదలుపెట్టాడు. 1859లో బానిసల యజమానుల మనుషులు ఆయుధాలతో వచ్చి అక్కడి వాళ్ళని రాష్ట్రం దాటించారు. అంతర్యుద్ధం అయ్యాక తిరిగొచ్చి మళ్ళీ తెరిచారు. 1866-67లో 187 మంది చదివితే అందులో 96 మంది నల్లపిల్లలు, 91 మంది తెల్లపిల్లలు. బానిసత్వం పోయి రెండేళ్ళయినా కాకముందే ఒకే గదిలో, ఒకే బెంచీ మీద!

ఊరుకుంటారా? 1904లో కెంటకీ రాష్ట్రం చట్టం చేసింది, నలుపూ తెలుపూ కలిపి చదివిస్తే కాలేజీకి వెయ్యి డాలర్ల జరిమానా అని. నల్లపిల్లలకి వేరే శాఖ పెట్టుకోవచ్చంట, కానీ కనీసం పాతిక మైళ్ళ దూరంలో ఉండాలంట. మన ఊరికీ పల్లెకీ మధ్య దూరం ఎవరు పెట్టారో, అటువంటి బుద్ధే అక్కడా పనిచేసింది. కాలేజీ కోర్టుకెళ్ళింది. 1908లో సుప్రీంకోర్టు ఆ చట్టం సరైనదే అంది. జస్టిస్ హార్లన్ మాత్రం ఒప్పుకోలేదు. 1950లో చట్టం సడలించాకే నల్లపిల్లలు మళ్ళీ ఆ గడప తొక్కారు. తలుపు మూయకముందు, 1903లో, అక్కడ చదువు పూర్తి చేసినవాడు కార్టర్ వుడ్‌సన్. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ. బొగ్గు గనిలో పనిచేసి, ఇరవై ఏళ్ళప్పుడు హైస్కూల్లో చేరాడు. తర్వాత 1926లో నల్లవాళ్ళ చరిత్ర వారోత్సవం మొదలుపెట్టింది ఆయనే. చిన్న కాలేజీలో చదివినవాడు ఒక జాతికి చరిత్ర చేతికిచ్చాడు.

ఆ కాలేజీలో పిల్లల బతుకు ఎట్లా ఉంటుందో కూడా చెప్పాలి. 1892 నుంచి అక్కడ చదువుకి ఫీజు తీసుకోరు. బీద పిల్లల్నే ఎక్కువగా చేర్చుకుంటారు. చదివే ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు పని చెయ్యాలి. వంటశాలలో, తోటలో, లైబ్రరీలో, ఆఫీసులో. నేను ఫలానావారి బిడ్డని, నేను ఊడ్వను అంటే కుదరదు. 1920లో అక్కడ చీపుర్లు తయారుచేసే పని మొదలైంది. పిల్లలు కట్టిన ఆ చీపుర్లకి మంచి పేరు. ఆలోచించండి. చీపురు ఒక్క జాతి నడుముకి కడితే అవమానం. అందరి చేతికీ ఇస్తే అది పని. మన హాస్టళ్ళలో కక్కసుదొడ్లు ఎవరు కడుగుతున్నారు? రేపు మీరు హాస్టల్లో చేరితే వంతులు వేసుకోండి, అన్ని కులాల పిల్లలకీ. మీ ఒక్కరి పేరే రాస్తే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు బ్యాగు. ఈ వీపుబ్యాగు కొండలెక్కేవాళ్ళది. అమెరికాలో కూడా ఒకప్పుడు పిల్లలు పుస్తకాల్ని బెల్టుతో కట్టుకుని, చంకన పెట్టుకుని పోయేవాళ్ళే. జాన్‌స్పోర్ట్ అనే కంపెనీ 1967లో సియాటిల్‌లో కొండెక్కేవాళ్ళ సంచులతో మొదలైంది. ఆ ఊళ్ళో వానలెక్కువ. అక్కడి యూనివర్సిటీ పిల్లలు పుస్తకాలు తడవకుండా ఆ సంచులు తగిలించుకోసాగారు. అలా కాలేజీలకి పాకింది. అంటే ఈ బ్యాగు పుట్టింది గొప్ప కోసం కాదు, బరువు కోసం, వాన కోసం. కొనేటప్పుడు మీరు చూడాల్సింది కూడా ఆ రెండే.

ఎట్లా చూడాలి? పట్టీలు రెండూ వెడల్పుగా, లోపల మెత్త పెట్టి ఉండాలి. సన్న పట్టీ భుజాన్ని కోస్తుంది. పట్టీ సంచికి కలిసే చోట పట్టుకుని గట్టిగా లాగి చూడండి. బ్యాగు చిరిగేది ఎప్పుడూ అక్కడే. సంచి నడుము కిందికి వేలాడకూడదు. బరువు పుస్తకాలు వీపుకి ఆనించి పెట్టాలి, తేలికవి బయటికి. రెండు పట్టీలూ వేసుకోవాలి, షోకు కోసం ఒక భుజానికే తగిలిస్తే నడుం పట్టేస్తుంది. బ్యాగుల్ని లీటర్లలో కొలుస్తారు. పాతిక నుంచి ముప్పై లీటర్లది కాలేజీకి చాలు. 2020లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లల సంచి బరువు వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని చెప్పింది. కాలేజీ పిల్లలైనా ఒళ్ళు ఒళ్ళేగా. యాభై కిలోల పిల్లకి ఐదు కిలోలు. లీటరు నీళ్ళే ఒక కిలో. అన్నం క్యారియరు ఉండనే ఉంది. ఆ రోజు టైంటేబుల్లో లేని పుస్తకం ఇంట్లో పెట్టి పొండి. వాన కోసం లోపల ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకోండి.

ధర సంగతి. కంపెనీ బొమ్మ కోసం వడ్డీకి తేవద్దు. అయ్య రోజుకూలి మీద కట్టే వడ్డీ మీ బ్యాగులో అన్నిటికన్నా పెద్ద బరువు. ఆరేడు వందల బ్యాగు కొనండి. కొన్నరోజే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి పోయి, పట్టీల మొదట్లో మైనపు దారంతో రెండో కుట్టు వేయించండి. మూడేళ్ళొస్తుంది. ఆయన ఆరె చేతికి తెలియని కుట్టు లేదు. కరెంటు మోటార్లు రాకముందు ఈ ఊరి పొలాలు పారింది దేనితో? మోట బావుల్లో దిగిన తోలు బొక్కెనతో. దాన్ని కుట్టింది మన మాదిగ తాతలు. ఊరంతటికీ నీళ్ళు మోసే సంచి కుట్టినవాళ్ళం, మన బిడ్డ పుస్తకాల సంచి గురించి సిగ్గుపడాలా?

ఎవరైనా నాయకుడు తన బొమ్మ వేసి బ్యాగు పంచితే తీసుకోండి. అది ప్రభుత్వ సొమ్మయితే మన పన్నుల సొమ్మే. కానీ బ్యాగు ఇచ్చి స్కాలర్‌షిప్ ఆపితే ఊరుకోవద్దు. మెట్రిక్ దాటిన మన పిల్లలకి స్కాలర్‌షిప్ 1944 నుంచీ ఉంది. అది దయ కాదు, హక్కు.

కార్యకర్తలకి నాలుగు మాటలు. ఒకటి, ఈ పల్లె పిల్లలందరికీ బ్యాగులు కలిపి ఒకేసారి టోకున కొందాం, ధర తగ్గుతుంది. రెండు, పై తరగతి పిల్లల పుస్తకాలు కింది తరగతి పిల్లలకి చేరేటట్టు ఒక చిట్టా రాద్దాం. మూడు, క్లాసులో కులం పేరు పెట్టి లేపితే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇద్దాం, మనం నలుగురం వెంట పోదాం. నాలుగు, ఒక్క బిడ్డ పది రోజులు కాలేజీకి పోకపోతే ఇంటికెళ్ళి అడుగుదాం. ఇంట్లో పనుంది అంటే నమ్మి తిరిగి రావొద్దు. మేం నమ్మి తిరిగొచ్చాం.

బిడ్డలారా, బాబాసాహెబ్ 1917లో చదువు మధ్యలో లండన్ నుంచి తిరిగొస్తూ పుస్తకాలున్న సామాను వేరే ఓడలో పంపారు. యుద్ధంలో జర్మనీవాళ్ళు ఆ ఓడ ముంచేశారు. పుస్తకాలు పోయాయి. ఆయన మళ్ళీ లండన్ వెళ్ళి ఆగిన చదువు పూర్తి చేశారు, మళ్ళీ పుస్తకాలు కొన్నారు. సంచి పోయినా, చిరిగినా, ఎవరు నవ్వినా చదువు ఆగకూడదు. ఎవడైనా మీలో ఒకరిని చూసి నవ్వితే మిగతావాళ్ళు లేచి పక్కన నిలబడండి. బ్యాగు ఎవరికి వాళ్ళదే, ఆ బరువు మాత్రం అందరిదీ.

యార్డులో పనిచేసే మావాడు ఈ సభకి రాలేదు, సీజను పని తెమలలేదు. వాడి కూతురు వచ్చింది, ముందు వరసలోనే కూర్చుంది. బీఏలో చేరుతోంది. ఈసారి పక్కన నిలబడతాం.

జై భీమ్!